దాసోమ్ చదివిన గోడ

గల్మే దీవి
మార్చి 11

బావగారికి,

ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులు పంపాను. పెద్ద కట్ట మీకు, చిన్నది మా చెల్లెమ్మకి. ఈ ఏడాది చలి సరిగ్గా పడింది, నాచు నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. నిప్పు మీద అటూ ఇటూ ఒక్కసారి చూపించండి, చాలు. పోయినేడు మాడ్చి తిన్నారని విన్నాను. అంత కష్టపడి ఎండబెట్టింది బొగ్గు చేసుకోడానికి కాదు.

ఈ రాత ఎవరిదా అని చూస్తున్నారేమో. నాదే. ఇదివరకు మా ఇంటి నుంచి మీకు వచ్చిన ఉత్తరాలన్నీ మా ఆవిడ రాసినవి. ఆవిడ పోయాక రాసేవాళ్ళు లేరు. రెండు చలికాలాలుగా మా ఊరి పెద్దగారి భార్య చావడిలో మాలాంటి ముసలాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తోంది. డెబ్బై తొమ్మిదేళ్ళకి నేర్చుకున్నాను. ఎవడేం నవ్వుతాడో నవ్వనీ.

ఫోన్ ఎందుకు చెయ్యలేదంటారా. ఫోన్లో మీరు మాటకారి, నన్ను నాలుగో మాట దాటనివ్వరు. కాగితం మీద అడ్డం రాలేరు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఊరి పెద్దగారి భార్యే ఒక పత్రిక తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అందులో మన మనవరాలు దాసోమ్. ఆసుపత్రుల్లో జనం వరసలో నిలబడకుండా ఫోన్లోనే వంతు చూసుకునే ఏర్పాటు చేసింది కదా, ఆ కంపెనీ ఇప్పుడు చాలా పెద్దదైందట. అంత పెద్ద కంపెనీ నడిపే పిల్ల ఏం చదువుతుంది, ఎలా చదువుతుంది అని నాలుగు పేజీలు వేశారు. నాకు వారం పట్టింది. అన్నీ చదివాను.

తెల్లారకముందే లేస్తుందట. నిలబడే చదువుతుందట, కూర్చుంటే నిద్ర వస్తుందని. ఆఫీసులో పని మొదలెట్టే ముందు రోజుకొకరు ఒక పేజీ పైకి చదవాలట, మిగతావాళ్ళు వినాలట. ఇష్టమైన పుస్తకాలు పది చెప్పింది. తేనెటీగల మీద ఒకటి, మునిగిపోయిన ఓడల మీద ఒకటి, ఎవడో ఉప్పు వర్తకుడి జీవితం ఒకటి. మిగతా పేర్లు నాకు నోరు తిరగలేదు. ఇంకో అలవాటు కూడా రాశారు. పేజీ అర్థం కాకపోతే పుస్తకాన్ని తలకిందులు చేసి చదువుతుందట. అలా అయితే కన్ను పరిగెత్తదట, ఒక్కో మాట దగ్గరా ఆగుతుందట. ఆఫీసు వాళ్ళు మొదట్లో నవ్వారట, ఇప్పుడు వాళ్ళూ అదే చేస్తున్నారట.

బాగుంది. అంతా బాగుంది. ఈ చదువు పిచ్చి ఎక్కడిదమ్మా అని అడిగారు. "మా అమ్మవైపు తాతయ్య దగ్గర్నుంచి. జొంజులో ఆయన పాత పుస్తకాల కొట్టు" అంది. పక్కనే మీ ఫోటో. గల్లా బల్ల వెనకాల కూర్చుని కొత్తల్లుడిలా నవ్వుతున్నారు.

నా గురించి ఎక్కడుందా అని వెతికాను. వేలు పెట్టి వరసా వరసా వెతికాను. గల్మే దీవి లేదు. నాచు లేదు. బోక్ అన్న ఇంటిపేరు ఉంది, అది ఆ పిల్ల పేరులోదే.

మా వాడూ మీ అమ్మాయీ ఇంచొన్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకుంటుంటే ఆ పిల్ల ముందు నా దగ్గరే పెరిగింది. నాలుగో ఏట వచ్చింది, ఏడో ఏట మీ దగ్గరికి పోయింది. మధ్యలో నా ఇంట్లో ఇసక తిందా?

నాకేం కుళ్ళు లేదు. అడుగుతున్నానంతే.

మోకాలు ఎలా ఉంది?

బోక్ మాన్‌సిక్


జొంజు
మార్చి 18

బావగారికి నమస్కారాలు.

మీ చేతిరాత చూసి ముందు విలాసం తప్పు వచ్చిందనుకున్నాను. తెలిశాక మీ చెల్లెలికి చూపించాను. "అన్నయ్య అక్షరాలు కూడా పడవ తాళ్ళు కట్టినట్టు గట్టిగా కట్టాడే" అంది. ఇది పొగడ్తే, కోపం తెచ్చుకోకండి.

నాచు అమృతంలా ఉంది. మాడలేదు. మొదటి రెండు మాడాయి.

పత్రికావిడ చెప్పాపెట్టకుండా వచ్చింది బావగారూ. గడ్డం గీసుకుంటానన్నా ఆగలేదు. నేనేమీ ఆమెని పిలిపించుకోలేదు. మనవరాలు ఉన్నమాట చెప్పింది, ఆమె రాసుకుంది. అందులో నా తప్పేముంది?

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏడేళ్ళ పిల్ల, చెంపలు ఎండకి మాడిపోయి, మీ పడవ వాసనతో నా కొట్లోకి అడుగుపెట్టింది. వస్తూనే అడుగు అరలోంచి ఒక పుస్తకం లాగి తలకిందులుగా పట్టుకుని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. నాకు నవ్వాగలేదు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పుస్తకం తిప్పి చేతిలో పెట్టాను. అక్షరానికి తల ఏదో కాలు ఏదో తెలియని పిల్ల బావగారూ. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా తెచ్చాను. మీరు దానికి ఈత నేర్పారు, పీతలు పట్టడం నేర్పారు. ఆ విషయంలో నేనెప్పుడైనా వాటా అడిగానా?

తలకిందుల చదువు అంటారా, అది నా గల్లా బల్ల మహిమ. నేను ఇటు కూర్చుని చదువుకుంటుంటే అది అటు నుంచుని నా పుస్తకంలోకి తొంగి చూసేది. అలా పట్టుబడింది.

ఆ బల్లనే అడిగింది ఇప్పుడు. కంపెనీలో ఒక అంతస్తంతా చదువుల గది కట్టిస్తోంది. బల్ల తీసుకెళ్ళి అందులో పెడుతుందట. సెప్టెంబరులో తెరుస్తారు. ఆ రోజు ఉద్యోగులందరి ముందూ మొదటి పేజీ పైకి చదవమని నన్ను పిలిచింది. ఏ పుస్తకం తియ్యాలా అని అప్పుడే బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

మోకాలు అలాగే ఉంది. మెట్లు చూస్తే ఏడుస్తుంది.

మీ బావ,
సొల్ ఇన్‌బే


గల్మే దీవి
మార్చి 26

బావగారికి,

మీ ఉత్తరం రెండు రోజులు చదివాను. మూడో రోజు పడవెక్కి వలలు లాగాను, కోపం తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

అక్షరం తలా కాలూ తెలియని పిల్లా? ఎవరు? దాసోమా?

మా ఇంట్లో నాచు కట్టలు కట్టే గది మీరు చూడలేదు. పెళ్ళికి వచ్చినప్పుడు ముందుగదిలో కూర్చుని వెళ్ళిపోయారు. ఆ గదికి కింద పొయ్యి వేడి పారే వెచ్చటి నేల, చుట్టూ మట్టి గోడలు. గాలి దూరకుండా గోడల నిండా పాత పేపర్లు అంటించాను. అప్పటి పేపర్లు, పైనుంచి కిందికి రాసేవి. చలికాలమంతా మా ఆవిడా నేనూ అక్కడే కూర్చుని నాచు రేకులు ఎంచి కట్టలు కట్టేవాళ్ళం. పిల్ల ఎక్కడుంటుంది? అక్కడే. బొమ్మల్లేవు, టీవీ లేదు. గోడ ఉంది. అక్షరాలు మా ఆవిడ చెప్పింది. చదువు గోడ చెప్పింది. గోడ అంటించింది నేను.

పొద్దున్నే అడిగేవాణ్ణి. "ఇవాళ గోడ ఏమంటోందే?"

"తుఫాను వస్తోందట తాతా."

"ఎప్పుడే?"

"నేను పుట్టకముందు."

ఒక బాక్సర్ ఉండేవాడు తలుపు పక్కన. వాడి గురించి మా ఆవిడ అడిగేది, "ఇవాళైనా గెలిచాడా వాడు?" అని. "లేదు నాయనమ్మా, ఇవాళ కూడా ఓడిపోయాడు" అనేది. రోజూ ఓడిపోయేవాడు. రోజూ నవ్వేవాళ్ళం. కడుపునొప్పి మాత్రల ప్రకటన ఒకటి ఉండేది, అది పాటలాగా పాడేది. మీ కొట్లో పదివేల పుస్తకాలు ఉంటే ఉండొచ్చు. నాది ఒక్క గదే. కానీ ఆ గది మొత్తం ఆ పిల్ల చదివేసింది. మీ కొట్టు మొత్తం మీరైనా చదివారా?

మీరు కాగితం అమ్మి బతికారు, నేనూ కాగితమే చేసి బతికాను. నల్ల కాగితం. మీది చదువుతారు, నాది తింటారు. అందుకని మీరు గొప్పవారా?

ఇప్పుడు చెబుతున్నా వినండి. ఆ మొదటి పేజీ నేను చదువుతాను. మీరు తప్పుకోండి. మోకాలు బాలేదని చెప్పండి. కాకపోతే పళ్ళు కట్టుడువి, మైకు ముందు ఈల వస్తుందని చెప్పండి, అది నిజమే కదా. నేను అడిగానని మాత్రం ఆ పిల్లతో అనొద్దు. మీ అంతట మీరే తప్పుకున్నట్టుండాలి, "మరి గల్మే తాత ఉన్నాడు కదా" అని అప్పుడే తట్టినట్టుండాలి. గోడ సంగతి కూడా చెప్పొద్దు. చెప్పాల్సిన పని లేదు, దానికే తెలుసు.

బోక్ మాన్‌సిక్


జొంజు
ఏప్రిల్ 3

బావగారికి,

మీ చెల్లెలు ఈ ఉత్తరం రాయొద్దంది. రాస్తున్నాను.

పాతికేళ్ళకి పైగా ఆ పిల్ల నాతో కబుర్లు చెబుతోంది. మీ పడవ గురించి చెప్పింది. పీత దాని వేలు కొరికిన సంగతి చెప్పింది. మీ ఇంట్లో మా అక్కయ్య చేసిపెట్టిన గుల్లల గంజి గురించి చెబుతూ ఒకసారి ఏడ్చింది కూడా. గోడ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అంత పెద్ద చదువు గోడ మీద జరిగి ఉంటే ఒక్కసారైనా నోట రాదా?

మీరు చెప్పొద్దన్నారు. ఆగలేక ఫోన్ చేసి అడిగాను. "అక్కడ గోడకి పేపర్లు ఉండేవా అమ్మా?" అన్నాను. "ఉండేవి తాతయ్యా. ఎందుకు?" అంది. "మీ గల్మే తాత నీకు చదువు ఆ గోడే చెప్పిందంటున్నాడు" అన్నాను. ఇంతలో ఎవరో పిలిస్తే పెట్టేసింది. ఔనని అనలేదు, కాదనీ అనలేదు. తర్వాత మెసేజ్ పెట్టింది, వచ్చే నెలలో ఆఫీసు వాళ్ళని వెంటబెట్టుకుని దీవికి వెళ్ళి ఆ గది చూస్తానని.

గోడకి పేపర్లు ఎవరింట్లో లేవు? మా వంటింటి బీరువాలో కూడా ఉన్నాయి. అది నాకు పురాణాలు చెప్పిందని నేనెక్కడా అనలేదు.

ఇక మొదటి పేజీ మాట. పిలిచింది నన్ను. నాలుగు పేజీల పత్రికకి మీకు వారం పట్టిందన్నారు. ఆ లెక్కన ఆ ఉద్యోగులంతా మీరు పేజీ ముగించేదాకా నిలబడితే ఆ రోజు ఆసుపత్రుల్లో వరసలు ఆగిపోతాయి. నా పళ్ళు ఈల వేసినా పేజీ పూర్తవుతుంది.

వాళ్ళు వచ్చేలోపల ఆ గది కాస్త సర్దుకోండి. సియోల్ నుంచి వచ్చే చదువుకున్న పిల్లలు, నలుగురూ చూసి నవ్వకుండా ఉండాలి కదా.

సొల్ ఇన్‌బే


గల్మే దీవి
ఏప్రిల్ 15

బావగారికి,

నలుగురూ చూసి నవ్వకుండా అన్నారు. ఆ మాట చేప ముల్లులా గొంతులో పడింది. అన్నం ముద్ద మింగినా దిగలేదు.

చెప్పొద్దన్నది చెప్పారు. సరే. వస్తుందిగా, రానివ్వండి.

నాచు పని అయిపోయింది, ఆరబెట్టే చట్రాలు కడిగి పెట్టేశాను. గదిలోకి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. మీకు ఒక మాట చెబుతాను, దాచుకోడానికి నాకేం లేదు. ఆ పేపర్లలో సగానికి సగం తలకిందులుగా ఉన్నాయి. అంటించినప్పుడు నాకు అక్షరం రాదు. బొమ్మ ఉన్నవి బొమ్మ చూసి నిటారుగా పెట్టాను. బొమ్మ లేనివి చేతికి ఎలా వస్తే అలా పెట్టాను. మా ఆవిడ చూసే ఉంటుంది. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకుంది. నాకు పోయిన చలికాలం తెలిసింది, చదవడం మొదలెట్టాక.

సియోల్ వాళ్ళు చూస్తే ఏమంటారు? ఈ ముసలాడికి కాగితం నిలబెట్టడం కూడా రాదంటారు. మీరు ముందే అన్నారు.

అందుకని అంతా సరిచేశాను. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి తడిపి, అంచు దగ్గర గోరుతో లేపి, పిండిబంక ఆరిపోయిన చోట మళ్ళీ తడిపి, మెల్లగా ఊడదీశాను. తాజాగా జిగురు కాచి ఒక్కోటీ తిప్పి అంటించాను. చిరిగినవి అతికాను. ఒక పేపరూ ఇంకో పేపరూ కలిసే చోట వరసలు సమంగా రావడానికి చాలావాటి చోట్లు కూడా మార్చాను. తలుపు పక్క బాక్సర్ సగం చిరిగాడు, వాణ్ణి కిటికీ కిందికి మార్చాను. నడుం విరిగింది. ఇప్పుడు గోడ బడి పుస్తకంలా ఉంది. ఎవడైనా వచ్చి ఎక్కడైనా చదువుకోవచ్చు.

మీ ఉత్తరం నేనే చదివాను. రెండు మాటలు తప్ప ఎవర్నీ అడగలేదు. ఆ రెండూ మీరు నన్ను వెటకారం చేసిన చోటివే, ఊరి పెద్దగారి భార్య అర్థం చెప్పలేక నీళ్ళు నమిలింది. పేజీ చదవడం నాకు రాదన్నారు. రోజూ గోడ ముందు నిలబడి పైకి చదువుతున్నాను. సెప్టెంబరు దాకా టైముంది.

మీరు తప్పుకుంటారా లేదా, అది రాయండి.

బోక్ మాన్‌సిక్


జొంజు
ఏప్రిల్ 16

బావగారికి,

ఇది అందగానే ముందు ఒక పని చెయ్యండి. ఆ గోడ ముట్టుకోకండి. నిన్నా ఇవాళా ఫోన్ చేశాను, ఎత్తలేదు. మీరు ఫోన్ పడవలో పడేసి మర్చిపోతారని అందరికీ తెలిసిందే. సర్దమని రాశాను, బుద్ధి తక్కువై రాశాను. సర్దకండి.

దాసోమ్ మొన్న ఆదివారం బల్ల కొలతలు తీసుకోడానికి వచ్చింది. అన్నం తింటుంటే మళ్ళీ కదిపాను. ఊరుకోలేకపోయాను. "ఆ తలకిందుల చదువు నా బల్ల దగ్గరే కదా వచ్చింది?" అన్నాను.

చెంచా కింద పెట్టింది. "కాదు తాతయ్యా. గల్మే తాత గోడ దగ్గర."

సగం పేపర్లు తలకిందులుగా ఉండేవట. నిటారుగా ఉన్నవి తొందరగా అయిపోయేవట, తలకిందులవి మెల్లగా సాగేవట. మనుషులు నిలబడినట్టూ పడుకున్నట్టూ అక్షరాలు కూడా రెండు రకాలుగా ఉంటాయనుకుందట. నా కొట్లో మొదటి రోజు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నది రాక కాదు బావగారూ. కొత్త చోటు కదా, మెల్లగా సాగేలా పట్టుకుందట.

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"ఆ రోజు అందరూ నవ్వారు కదా తాతయ్యా. నన్ను చూసి నవ్వినా పర్వాలేదు. గోడ సంగతి చెబితే తాతని చూసి నవ్వుతారు. కాగితాలు అలా ఎందుకు అంటించాడో నాకు అప్పటికే తెలుసు."

పత్రికలో మీ పేరు లేకపోవడానికి కారణం అదీ. ఎక్కడ మొదలుపెట్టినా మీకు అక్షరం రాదన్న మాట దగ్గరికి వస్తుంది. అది అచ్చులో పడడం దానికి ఇష్టం లేదు.

ఇది రాయడం నాకేం సరదాగా లేదు. మూడు రోజులు ఉత్తరం మొదలెట్టి చించేశాను. జీవితమంతా పుస్తకాల మధ్య కూర్చున్నాను. ఆ పిల్ల మొదటి పుస్తకం మీ నాచు గదిలో ఉందంటే నా కడుపు ఎలా మండుతుందో మీకు తెలుసు, మీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఆ గోడని ఉన్నదున్నట్టు ఫోటో తీయించి చదువుల గదిలో ఒక వైపంతా పెద్దదిగా పెడుతుందట. మీరు ఒప్పుకుంటేనే. అడగడానికే వస్తోంది. ఒక్క కాగితం కూడా కదపకండి.

సొల్ ఇన్‌బే


గల్మే దీవి
ఏప్రిల్ 20

బావగారికి,

మీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది అందే ఉంటుంది. చదివే ఉంటారు.

తలకిందులుగా ఒక్కటి కూడా మిగల్లేదు. శ్రద్ధగా చేశాను.

మళ్ళీ తిప్పుదామని ఒకటి తడిపాను. చేతిలోనే ముద్దైపోయింది. ముసలి కాగితం, రెండోసారి తట్టుకోదు. పైగా ఏది ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. చదవడం రాని రోజుల్లో అంటించిన దాన్ని గుర్తెలా పెట్టుకుంటాను?

మీ కొట్లో పాత పేపర్లు ఉంటాయి. ఆ కాలంవి, పైనుంచి కిందికి రాసినవి. ఒక కట్ట పంపండి. బాక్సర్ ఉంటే మంచిది. ఇప్పుడున్న వాటి మీద అంటిస్తాను, తలకిందులుగా. పొగ పట్టిస్తే పాతగా కనిపిస్తాయి.

ఆ పిల్లతో అనకండి. ఈసారైనా అనకండి.

మొదటి పేజీ మాట నేను మర్చిపోలేదు.

మాన్‌సిక్


జొంజు
ఏప్రిల్ 25

బావగారికి,

కట్ట పంపుతున్నాను. పడవ ఆఫీసులో అడిగి తీసుకోండి.

పంపకుండా ఉందామనుకున్నాను. పంపకపోతే ఆ గదిలో నా బల్ల ఒక్కటే మిగులుతుంది. ఆ ఆలోచన రాలేదని అనను. వచ్చి, ఒక పూటంతా నా ఎదురుగా కూర్చుంది. తర్వాత మీ చెల్లెలు వచ్చి, "నలుగురూ నవ్వకుండా అని రాసిందెవరు?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బాక్సర్ దొరకలేదు. కుస్తీవాడు ఒకడు దొరికాడు, వాడు గెలిచాడు. పేరు కనిపించకుండా మడవండి. తుఫాను ఉంది, మీ గోడ మీద ఉన్నది అదేనో కాదో తెలియదు. మాత్రల ప్రకటనలు కావలసినన్ని ఉన్నాయి, ఆ రోజుల్లో దేశమంతా కడుపునొప్పే.

కానీ బావగారూ, ఒక మాట. మనం అంటించేది చూడబోయేది పత్రికావిడ కాదు. ఆ గోడ చదివిన పిల్ల. నాకు ధైర్యం లేదు.

తొందరపడండి. మే మొదట్లో వస్తానంది.

సొల్ ఇన్‌బే


గల్మే దీవి
మే 4

బావగారికి,

మీ కట్ట పడవలో దిగింది. అదే పడవలో దాసోమ్ కూడా దిగింది. కట్ట నా చంకలో ఉండగానే "అదేంటి తాతా?" అంది. "మీ తాతయ్య చదువుకోమని పంపాడు" అన్నాను. విప్పలేదు. ఇంకా అలాగే ఉంది.

ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు, ఫోటోల పెట్టెలు మోసుకుంటూ. గది చూసి సంబరపడ్డారు. "ఎంత నీటుగా అంటించారు తాతగారూ, వరసకి వరస కలిసింది" అన్నారు. పిల్ల మాత్రం తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి గోడ వెంబడే నడిచింది, చెయ్యి గోడకి ఆనించి. కిటికీ కింద ఆగింది. వంగి చూసింది.

"వీడు ఇక్కడెందుకున్నాడు?"

బాక్సర్ గురించి. చిరిగితే మార్చానన్నాను.

అప్పుడు వెనక్కి తిరిగి వేలు పెట్టి చెప్పడం మొదలెట్టింది. ఇక్కడ తుఫాను ఉండేది, తలకిందులుగా. దాని కింద ఓడ టికెట్లు, అడ్డంగా. ఇక్కడ ఎవరో తప్పిపోయిన ముసలావిడ కోసం వేసిన ప్రకటన, తలకిందులుగా, దాన్ని చదవడానికి చాపమీద వెల్లకిలా పడుకునేదట. ఇక్కడ వెల్లుల్లి ధరలు. ఇక్కడ కోర్టు వార్త. చూపించిన ప్రతి చోటా ఇప్పుడు ఇంకేదో ఉంది. ఒక్కటి తప్పు చెప్పలేదు, ఏది ఎక్కణ్ణుంచి ఊడదీసి ఎక్కడ అంటించానో ఆ పిల్ల చెబుతుంటే నాకు గుర్తొచ్చింది.

"ఎవరు చేశారిది?" అంది.

"నేనే. చదవడానికి వీలుగా పెట్టాను."

"ఎవరికి వీలుగా? నేను చదవలేదా? మూడేళ్ళు చదువుకున్నది నేను కాదా? నా పుస్తకం తాతా అది. నన్నడక్కుండా ఎవరు దిద్దమన్నారు నిన్ను?"

గొంతు పెద్దదైంది. ఆఫీసు వాళ్ళిద్దరూ పెట్టెలు పట్టుకుని బయటికి జారుకున్నారు. నాకు ఇప్పుడు అక్షరం వచ్చిందని, అందుకే తప్పు కనిపించిందని చెప్పాను. "నీకు అక్షరం వస్తే సంతోషం. కొత్త పేపరు కొనుక్కుని చదువుకో. నాది ఎందుకు ముట్టుకున్నావు?" అంది. మీ పేరు చెబుదామనుకున్నాను, సర్దమని మీరే రాశారని. నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అంటించింది నేను, ఊడదీసింది నేను, మధ్యలో మీరెందుకు?

పీతల పులుసు పెట్టాను, తెల్లారి నేనే పట్టిన పీతలు. ముట్టుకోలేదు. అన్నం గిన్నె మీద మూత కూడా తియ్యలేదు. రేవు దాకా పక్కనే నడిచింది. పడవ వాడు తాడు విప్పుతుంటే నేనే అడిగాను. ఇన్నాళ్ళూ మీ చేత చెప్పిద్దామనుకున్నది సూటిగా అడిగాను. "ఆ గది తెరిచే రోజు మొదటి పేజీ ఎవరు చదువుతారే?"

"జొంజు తాతయ్య. మాటిచ్చాను" అంది.

"సరే" అన్నాను.

చదవండి. మీరే చదవండి. నిదానంగా చదవండి, పళ్ళు జాగ్రత్త. నేను వచ్చి ఎక్కడో ఒక చోట కూర్చుంటాను. గోడకి ఏం పెట్టుకుంటుందో నాకు తెలియదు, ఫోటో అయితే తియ్యలేదు.

పడవ వెళ్ళాక రేవులో కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఇంటికి వచ్చి ఆ పత్రిక తీసి మీ గురించి చెప్పిన పేజీ మళ్ళీ చూశాను. మీ గురించి చెప్పేటప్పుడు నవ్వుతోంది. మర్యాదగా, చక్కగా, అందరితో నవ్వినట్టే. ఆ పది పుస్తకాల్లో ఏది పోయినా ఇంకోటి కొనుక్కుంటుంది బావగారూ. కొట్టుకెళ్ళి అడిగితే ఇస్తారు. నాది పోయిందని అన్నం మానేసింది. నా మీద అరిచింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, అన్ని వందల మందికి జీతాలిచ్చే పిల్ల, పరాయివాళ్ళ ముందు నా మీద అరిచింది. నాలుగేళ్ళప్పుడు కూడా అలా అరవలేదు. మీ మీద ఎప్పుడైనా అరిచిందా? నిజం చెప్పండి. మీ పుస్తకం ఏదైనా చిరిగితే, ఎలకలు కొడితే, అమ్మేస్తే, ఒక్కసారి అరిచిందా?

అరవలేదు. నాకు తెలుసు.

ఈ ఆదివారం బల్ల కోసం మీ దగ్గరికి వస్తుందట. కోపం ఇంకా తగ్గి ఉండదు. నా గురించి చెప్పుకుంటుంది, తిడుతుంది. మీరు పెద్దమనిషి తరహాగా సర్దిచెప్పకండి. ముసలాడు, పోనీలే అనకండి. మధ్యలో అడ్డుపడకుండా మొత్తం చెప్పనివ్వండి. ఎంత కోపంగా ఉందో, ఏమేం అందో, ఒక్క మాట వదలకుండా రాసి పంపండి. నేనే చదువుకుంటాను.

బోక్ మాన్‌సిక్